చీటింగ్ కేసులో దొరకని దొంగ

మన కథల్లో, రివ్యూల్లో ఈమధ్య మోసం కనపడటం లేదు. అంతా చీటింగే. ప్రేమలో చీటింగ్, పరీక్షలో చీటింగ్, పేకాటలో చీటింగ్. చిట్టీల వాడు ఉడాయిస్తే చీటింగ్ కేసు. ఇంగ్లీషులో ఈ మాట పుట్టుకే తమాషా. వారసుడు లేని భూమి ప్రభువుకి పోవడాన్ని ఎస్చీట్ అనేవాళ్లు. ఆ పని చూసే ఉద్యోగులు చేతివాటం చూపించగా చూపించగా జనం నోట్లో చీట్‌కి ఈ అర్థం స్థిరపడింది.

మనకి మాత్రం పేర్లు తక్కువా? టోపీ పెట్టినవాడు డబ్బు ఎగ్గొట్టాడు. బురిడీ కొట్టించినవాడు మాటలతో పడేశాడు. కల్తీ సరుకులో ఉంటుంది, ద్రోహం నమ్మినచోట ఉంటుంది. ఎవడు దేంతో ముంచాడో మాటే చెప్తుంది. చీటింగ్ అనగానే ఆ తేడాలన్నీ చెరిగిపోతాయి.

భాషాభిమానం పక్కన పెట్టండి, మా మైలవరం వైపు మామిడి రైతుని చూడండి. కాయ మార్కెట్‌కి చేరాక టన్నుకి ఇన్ని కిలోలని తరుగు తీస్తారు. దాచిపెట్టి కాదు, అందరి ముందే తీస్తారు. 1860 నాటి ఐపీసీ 415లోనైనా, 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 318లోనైనా చీటింగ్ అంటే ముందు ఒకడు ఇంకొకణ్ణి భ్రమపెట్టాలి. ఈ రైతుకి ఏ భ్రమా లేదు. కోసిన కాయ మళ్లీ చెట్టుకి అతకదు, కిరాయి పెట్టి వెనక్కి తీసుకెళ్లలేడు, అందుకే తెలిసే ఇస్తాడు.

కాయలో నీరు ఆవిరవుతుంది, దారిలో కొన్ని దెబ్బతింటాయి, కాబట్టి తరుగు న్యాయమే అంటారు. సగం నిజం. మరి కాయ చూడకముందే అంకె ఎలా తేలింది? దెబ్బకాయలు ఏరేశాక కూడా కోత ఎందుకు?

అదే కాయని కార్బైడ్‌తో మగ్గబెడితే సిటీవాడు చీటింగ్ అని అరుస్తాడు. అరవాల్సిందే. కార్బైడ్‌ని నిషేధించిన 2011 ఆహార భద్రతా నిబంధనలు అతని వైపున్నాయి. తినేవాడికి జరిగినదానికి పేరుంది, కేసుంది. పండించేవాడికి జరిగినదానికి తరుగు అనే మర్యాదైన పేరుంది, అంతే.

రాసేవాళ్లం మనమైనా ఆ మర్యాద పాటించొద్దు. తరుగు ఎవరి లెక్కలోంచి ఎవరి లెక్కలోకి పోయిందో కూడా రాద్దాం. ‘రైతు మోసపోయాడు’ అని రాయడం మానేద్దాం. మోసపోవడానికి అతను దేన్నీ నమ్మలేదు. అతని దగ్గర గుంజుకున్నారు.