మనము పాఠ్యాంశము, పాఠకులు పరులు

తెలుగుపల్లెల పిల్లలు ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారికి పరిశోధనవస్తువై యిరువది యేండ్లు దాటినది. 2002వ సంవత్సరమున 'యంగ్ లైవ్స్' అను పేర నొక దీర్ఘపరిశీలన యారంభమయ్యెను. ఇథియోపియా, పెరూ, వియత్నాము దేశములతోపాటు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమును గైకొని, మొత్తము సుమారు 12,000 మంది పిల్లలను, అందు మన తెలుగుబిడ్డలను సుమారు 3,000 మందిని, వారి పసితనము మొదలుకొని పెండ్లియీడు దాటువరకు విడతలవారీగా కనిపెట్టి చూచుచు వచ్చిరి. ఏ బిడ్డ యేమి తినెను, ఎవడు ఏ తరగతిలో బడి మానెను, ఏ బాలికకు ఏ యేట పెండ్లియయ్యెను, సర్వము లెక్క కెక్కినది. శ్రీకాకుళము జిల్లా పల్లెలు నందులో నున్నవి. ఆ లెక్కలను చదివి పట్టములు పుచ్చుకొనువారు సీమలలో నెందరో కలరు. శ్రీకాకుళమునకు మూడుగంటల ప్రయాణములో నున్న మన యనకాపల్లి డిగ్రీ విద్యార్థులను ఆ పేరు విన్నారా యని మే మడిగి చూచితిమి. విన్నవా డొక్కడును కానరాలేదు.

పరదేశీయులు మనలను చదువుటను మేము తప్పు పట్టుట లేదు. వారు చేసినది శ్రద్ధగల పని. మనలను మనము చదువుకొనకుండుటయే మా కష్టము.

అంతర్జాతీయాభివృద్ధి, విద్య యను ఈ విషయమును పాశ్చాత్యవిశ్వవిద్యాలయములు బి.ఏ. తరగతినుండియే బోధించుచున్నవి. 1949 జనవరి 20వ తేదీన అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తన ప్రారంభోపన్యాసములో మనవంటి దేశములను వెనుకబడిన ప్రాంతములని పేర్కొని సాయము చేయుదుమనెను. అప్పటినుండి సాయము చేయుట యొక వృత్తియు, ఆ వృత్తికి చదువు నొక శాస్త్రమునైనవి. దేశము బీదదగుటకు హేతువేమి? బడి పెట్టిన బీదతనము తీరునా? ఆ బడిని ప్రభుత్వము పెట్టవలెనా, అప్పు తెచ్చి పెట్టవచ్చునా? ఇవి యందలి ప్రశ్నలు. ఇవి సస్సెక్సు విద్యార్థికి పరీక్షాప్రశ్నలు, మనకు సంసారప్రశ్నలు.

న్యాయవాదవృత్తిలో నున్న మాకు దస్తావేజు చదువకుండ వ్రాలు చేయువానిని చూచిన జాలి. 2021లో ప్రపంచబ్యాంకువారు ఆంధ్రప్రదేశ్ పాఠశాలల బాగునకై 25 కోట్ల డాలర్ల ఋణమును మంజూరు చేసిరి. ఆ యేర్పాటున సొమ్మంతయు ఒక్కమారుగా చేతి కందదు. నిర్ణయించిన ఫలితములు ఋజువైన కొలది విడుదల యగును. అనగా, మన బడిలో ఏది ఫలితమో, ఏది కాదో ఆ పత్రములోనే వ్రాయబడియున్నది. పత్రము రహస్యము కాదు, కోరినవారెల్లరు చదువవచ్చును. కాని ఆంగ్లమున, ఆ శాస్త్రపు పరిభాషలో నున్నది. మన గ్రామములలో బడి యాజమాన్య కమిటీలని తల్లిదండ్రుల కమిటీ లున్నవి. వారికి దానిని విప్పి చెప్పగల పట్టభద్రుడు మన జిల్లాలో నొక్కడైన నుండవలదా? ఋణదాత యింత చదివివచ్చినప్పుడు ఋణగ్రస్తుడు చదువవలదా?

ఇది క్రొత్త సంగతియు కాదు. 1980వ దశకమున ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యాపథకమని యొకటి నడచినది. ధనము బ్రిటిషు ప్రభుత్వముది. (మన పన్నులు తరతరములు తిన్నవారు గదులు కట్టించిరనుట వినోదమే. గదులు మాత్రము మంచివే.) బిడ్డ విని వల్లించుట కాక చేసి నేర్చుకొనవలెనని ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చిరి. ఉపాధ్యాయులు కలిసి కూర్చుండి తమ పాఠములను చర్చించుటకు కేంద్రము లేర్పరచిరి. ఆ పథకమున ఏది నిలిచెను, ఏది సొమ్ముతోపాటు పోయెను? అందు పనిచేసిన ఉపాధ్యాయు లనేకులు నేడు పింఛనుదారులై మన యరుగులమీదనే యున్నారు. ఒక విద్యార్థి కాగితము కలము పట్టుకొని పోయి యడిగిన చెప్పుదురు. అడుగువాడు లేడు.

విద్య యెల్లప్పుడు పడమటినుండియే రావలెననుకొనువారు రంగారెడ్డి జిల్లాను చూడవలెను. అచ్చట శాంతా సిన్హాగారును మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషనువారును వేలకొలది పిల్లలను పనినుండి తప్పించి బడికి పంపిరి. బడిలో లేని బిడ్డ యెవడైనను బాలకార్మికుడే యను సూత్రమును వారు పట్టిరి. బీదతల్లి బిడ్డను చదివించనొల్లదను పండితుల మాట నాచరణముచే ఖండించిరి. 2003లో ఆమెకు మెగసెసే బహుమానము వచ్చినది. ఆ పద్ధతి నెరుంగుటకు ఇతరదేశములవారు తెలుగుపల్లెలకు వచ్చిరి.

తండ్రు లడుగు ప్రశ్న మాకు తెలియును: "దీనితో ఉద్యోగము వచ్చునా?" ఆ ప్రశ్నను మేము చులకన చేయము. పొలము కుదువబెట్టి చదివించువాడు అడుగక యెవ డడుగును? ఇంజనీరునకు దొరకునంత జీతము దొరకునని మేము పూచీపడజాలము. కాని విద్యాశాఖకు, స్వచ్ఛందసంస్థలకు, పరిశోధనాలయములకు ఈ పనివారు కావలసియున్నారు. ఆ స్థానములకు నేడు ఎచ్చటెచ్చటివారో వచ్చి, దుబాసీని వెంటబెట్టుకొని మన పల్లెలు తిరుగుచున్నారు.

బి.ఏ.లో వలదు, ఎం.ఏ.లో చూచుకొందమనువారు కలరు. మే మొప్పము. పదునెనిమిదేండ్ల వానికి తాను చదివిన బడి యింకను మరపునకు రాలేదు. మధ్యాహ్నభోజనపు పళ్లెము, మానిపోయిన నేస్తుడు, ఒక్క పంతులే నడపిన రెండు తరగతులు, అన్నియు కన్నులయెదుట నుండును. అయిదేండ్లు గడచిన నవి గణాంకములుగా మారిపోవును.

దారి లేకపోలేదు. 2020 తరువాతి డిగ్రీ పాఠ్యప్రణాళికలలో సమాజసేవా ప్రాజెక్టు అను పేర వేసవిలో గ్రామపరిశీలన చేర్చిరి. నేడది పలుచోట్ల మార్కులకై నింపు పుస్తకముగా నున్నదని విద్యార్థులే మాతో ననుచున్నారు. దానిని ఈ శాస్త్రమునకు తొలిపాఠము చేయరాదా? చెరకు గానుగ లాడు దినములలో కూలివారి పిల్లల హాజరు తగ్గునా, తగ్గిన మరల బడికి వచ్చువారెందరు? బెల్లము ధర పడిపోయిన యేట ఆడపిల్లలు బడి మానుదురా? మన మార్కెటు యార్డు దినవహి యొకచేత, బడి హాజరుపట్టీ యొకచేత పట్టుకొని చూచిన తేలును. పెరూలోని బిడ్డ సంగతి యాపై తనకుతానే యర్థమగును.

భాషమాట యొకటి. 2021లో డిగ్రీచదు వంతయు ఆంగ్లమాధ్యమమున జరుపవలెనని ప్రభుత్వము నిర్ణయించినది. విద్యార్థి తెలుగున నడిగి, తెలుగున విని, నివేదికను మాత్రము ఆంగ్లమున వ్రాయును. సమాధానమిచ్చిన తల్లి దానిని చదువజాలదు, తప్పున్న దిద్దజాలదు. కాబట్టి ప్రతి నివేదికకు తెలుగుప్రతి యుండవలెననియు, ఒకటి గ్రామపంచాయతీలోను, ఒకటి పట్టణ పఠనమందిరములోను ఉంచవలెననియు కళాశాలలవారిని మేము కోరుచున్నాము. బీరువాలో చోటు మేము చూపెదము.