దుగరాజపట్నం: చట్టం ముందు, ఇసుక తర్వాత

2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో పాత నెల్లూరు జిల్లా తీరంలోని ఒక చిన్న ఊరికి చోటు దక్కింది. దుగరాజపట్నంలో కేంద్ర ప్రభుత్వం భారీ ఓడరేవు కడుతుందనీ, 2018 చివరికల్లా తొలిదశ పూర్తవుతుందనీ అందులో రాశారు. 2018 దాటిపోయింది. ఒక్క రాయి కూడా పడలేదు.

కారణాలకు కొదవ లేదు. పక్కనే శ్రీహరికోట రాకెట్ కేంద్రం ఉంది కాబట్టి భద్రత మాటేమిటని అంతరిక్ష శాఖ అడిగింది. పులికాట్ సరస్సు ఏమైపోతుందని పర్యావరణవేత్తలు అడిగారు. ఉత్తరాన కృష్ణపట్నం, దక్షిణాన కాటుపల్లి, ఎన్నూరు, చెన్నై ఉండగా మధ్యలో మరో రేవు గిట్టుబాటు కాదని నీతి ఆయోగ్ తేల్చింది. మూడూ కొట్టిపారేయదగ్గ అభ్యంతరాలు కావు. వింత ఏమిటంటే, వీటిలో ఏదీ చట్టం వచ్చాక పుట్టింది కాదు. శ్రీహరికోట నుంచి 1971లోనే తొలి రాకెట్ లేచింది. పులికాట్‌ను 1976లోనే అభయారణ్యంగా ప్రకటించారు. కృష్ణపట్నం 2008 నుంచే సరుకు దించుకుంటోంది. అన్నీ కళ్లెదుటే ఉన్నాయి. వాటిని ఒకచోట పెట్టి చూసినవాళ్లే లేరు.

ఈ తీరం మీద పరిశోధనలు జరగలేదా అంటే, కావలసినన్ని జరిగాయి. కాకపోతే భూవిజ్ఞానం వాళ్ల పత్రం భూవిజ్ఞానం వాళ్లే చదువుకుంటారు. రక్షణ, అంతరిక్ష శాఖల లెక్కలు రహస్య ఫైళ్లలో ఉంటాయి. రేవు ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని తేల్చాల్సిన అర్థశాస్త్రం, సలహా సంస్థలు తయారుచేసే ప్రాజెక్టు నివేదికల్లో సరుకు అంచనాలుగా కుదించుకుపోతుంది. దుగరాజపట్నంలో ఈ మూడింటినీ విడదీయడం అసాధ్యం. నాలుగు వందల ఏళ్లుగా అదే కథ.

ఇంగ్లిషువాళ్ల రికార్డుల్లో ఈ ఊరి పేరు ఆర్మగాన్. మచిలీపట్నంలో గోల్కొండ అధికారులతో పొసగక, 1626 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ గిడ్డంగి పెట్టి, కోట కట్టి ఫిరంగులు బిగించింది. కోరమాండల్ తీరంలో కంపెనీకి అదే తొలి కోట. దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్లు అప్పటికే గెల్డ్రియా కోటలో పాతుకుపోయి ఉన్నారు. ఈ చోటునే ఎంచుకోవడానికి సముద్రంలో ఒక ఆధారం కూడా ఉంది. తీరానికి కొంత దూరాన నీళ్లలో పొడుగాటి ఇసుక తిన్నె ఉంది. అలల ఉద్ధృతిని అది చాలావరకు ఆపుతుంది కాబట్టి లోపలివైపు ఓడలు కాస్త నెమ్మదిగా లంగరు వేసుకోవచ్చు. 19వ శతాబ్దంలో బ్రిటిష్ నావికులు ఈ నీళ్లకు బ్లాక్‌వుడ్స్ హార్బర్ అని పేరు పెట్టుకున్నది కూడా అందుకే. అయినా కంపెనీ ఇక్కడ నిలవలేదు. ఆర్మగాన్‌లో పనిచేస్తున్న ఫ్రాన్సిస్ డే దక్షిణాన బట్టలు చవగ్గా దొరికే చోటు వెతుక్కుంటూ పోయి, 1639లో దామెర్ల నాయకుల దగ్గర మద్రాసపట్నం పట్టా సంపాదించాడు. మరుసటి ఏడాదికల్లా కంపెనీ సరంజామా అక్కడికి తరలింది. ఆశ్రయమిచ్చే తిన్నె ఇక్కడే ఉండిపోయింది, వ్యాపారం మాత్రం తిన్నెలు లేని అలల ఒడ్డుకు పోయింది. రేవును నిలబెట్టేది లోతు ఒక్కటే కాదని ఈ ఊరికి అప్పుడే తెలిసింది.

ఇప్పుడు ఇసుక సంగతి. తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఇసుకను ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య రుతుపవనాలప్పుడు దక్షిణానికి. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. దారిలో అడ్డుగోడ కడితే దానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన తీరం కోతకు గురవుతుంది. మద్రాసు రేవు కట్టాక మెరీనా వెడల్పయింది, రాయపురం వైపు ఇళ్లు సముద్రం పాలయ్యాయి. ఇది నూరేళ్లకు పైబడిన అనుభవం, కొత్త సిద్ధాంతమేమీ కాదు.

పులికాట్ కూడా ఈ ఇసుక బిడ్డే. వేల ఏళ్ల కిందట సముద్ర మట్టం పెరిగి నిలకడకు వచ్చిన కాలంలో, ఒడ్డుకు సమాంతరంగా పేరుకున్న ఇసుక దిబ్బల వెనక చిక్కుకున్న నీరే ఈ సరస్సు. ఆ దిబ్బల్లో పెద్దదే శ్రీహరికోట. సరస్సుకూ సముద్రానికీ మధ్య రాయదొరువు, కొండూరుపాలెం, పళవేర్కాడు ముఖద్వారాలే ఊపిరి. ఆంధ్రా వైపున్న మొదటి రెండూ పూడిపోతుంటాయి. మనిషి నిలబడితే మొలలోతు దాటని సరస్సులోకి సముద్రపు నీరు రాకపోతే వేసవిలో ఉప్పు పెరుగుతుంది, చేప పిల్లలకూ రొయ్య పిల్లలకూ దారి మూసుకుపోతుంది. పూడిక తీయండని జాలర్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. తీసిన చోట ఎన్నాళ్లకు మళ్లీ పూడుతుందో, పక్కన రేవు గోడలు లేస్తే ఆ లెక్క ఎలా మారుతుందో చెప్పే అధ్యయనం లేకుండా కాంట్రాక్టులు పిలవడం ఇసుకలో డబ్బు పోయడమే.

రాకెట్ కేంద్రానికి ఈ దిబ్బ నచ్చిన కారణాలు కూడా భౌగోళికమైనవే. తూర్పున అంతా సముద్రం, కాలిన దశలు పడ్డా ఎవరి నెత్తిన పడవు. భూమధ్య రేఖకు దగ్గర కాబట్టి తూర్పుకు లేచే రాకెట్‌కు భూభ్రమణం కొంత వేగాన్ని ఉచితంగా ఇస్తుంది. జనం పెద్దగా లేరన్నది మరో కారణం. పెద్దగా లేని ఆ జనం యానాదులు. అడవి దుంపలు, తేనె, సరస్సు చేపల మీద బతికినవాళ్లు. మద్రాసు పొయ్యిలకు ఈ దీవి కట్టెలు బకింగ్‌హామ్ కాలువ మీదుగా వెళ్లిన రోజుల్లో అడవి పని చేసిందీ వాళ్లే. వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల మీద రాసిన పుస్తకం 1962లోనే వచ్చింది. 1969లో స్థలం ఖరారు చేసినప్పుడు వాళ్లెవరో తెలియదని చెప్పుకునే వీలే లేదు.

దేశానికి ఇక్కడి నుంచి దక్కింది తక్కువేమీ కాదు. 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వి-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అదే రాకెట్ తొలిదశ 1989లో ఎగిరిన అగ్ని క్షిపణికి కూడా తొలిదశ అయింది. అంతరిక్షానికీ రక్షణకూ నడుమ గోడ ఎంత పలచనిదో ఆ మోటారు చెబుతుంది. 2025 జనవరిలో మూడో ప్రయోగ వేదికకు కేంద్ర మంత్రివర్గం దాదాపు 3,985 కోట్లు మంజూరు చేసింది. ప్రయోగం ఉన్న రోజున చుట్టుపక్కల పడవలు వేటకు పోకూడదు. ఆ నష్టం ఎంతో ఈ కోట్ల పక్కన ఎక్కడా కనిపించదు.

రేవుల లెక్క ఇంకా తిరకాసు. కృష్ణపట్నంలో అదానీ సంస్థ 2020లో 75 శాతం, మరుసటి ఏడాది మిగతా వాటా కొనుక్కుంది. 2024 తొలినాళ్లలో అక్కడికి కంటైనర్ ఓడలు రావడం లేదని జిల్లాలో పెద్ద రభసే జరిగింది. ఒకే యజమానికి కాటుపల్లిలోనూ రేవు ఉన్నప్పుడు ఏ సరుకు ఎక్కడ దిగాలో తేల్చేది సముద్రం కాదు, కంపెనీ బోర్డు. మరో పక్క పులికాట్ జాలర్లకు ‘పాడు’ అనే పాత కట్టుబాటు ఉంది. ఎవరు ఏ రోజు ఎక్కడ వల వేయాలో వంతుల ప్రకారం పంచుకుంటారు. ఆ పంపకాన్ని చదివిన సామాజిక శాస్త్రవేత్తలు ఉన్నారు. రేవు ప్రాజెక్టు నివేదికల దాకా ఆ చదువు చేరదు.

దుగరాజపట్నం పేరు 2025లో మళ్లీ వినిపించింది, ఈసారి నౌకా నిర్మాణ కేంద్రంగా. ఆ ఏడాది సెప్టెంబరులో కేంద్రం నౌకా రంగానికి 69,725 కోట్ల ప్యాకేజీ ఆమోదించింది కాబట్టి రాష్ట్రం ఆశపడటంలో తప్పులేదు. ఈ ప్రాంతానికి ఉద్యోగాలు కావాలి. భయమంతా ఒక్కచోటే ఉంది. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం రక్షణ, వ్యూహాత్మక ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. సరుకు ఓడలు కట్టే యార్డుకు కూడా వ్యూహాత్మకమన్న ముద్ర వేస్తే అడిగేవాళ్ల నోరు ముందే మూతపడుతుంది.

నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. వాకాడు దగ్గర పామంజిలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ కేంద్రం ఉంది. హైదరాబాద్‌లో సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది. టెండరు పిలవకముందే ఈ మూడింటినీ, శ్రీహరికోట రాకెట్ కేంద్రం (షార్) భద్రతా విభాగాన్నీ, వేట మీద బతికేవాళ్లనూ ఒకే అధ్యయనంలో కూర్చోబెట్టాలి. రెండు రుతుపవనాల్లోనూ ఇసుక కొలతలు తీయాలి. రాకెట్ ప్రయోగాల రోజుల్లో యార్డు పని ఎలా సాగుతుందో, ముఖద్వారాలు ఎన్నేళ్లు తెరిచి ఉంటాయో, యార్డులో జాలరి పాలేల కుర్రాళ్లకు ఏ పనులు దక్కుతాయో రాయాలి. రహస్యంగా ఉంచాల్సిన పేజీలను తీసేసుకోవచ్చు. మిగతాది తెలుగులో అచ్చేసి వాకాడు, కోట, తడ మండల కార్యాలయాల్లో పెట్టాలి, అదీ శంకుస్థాపన తేదీ ఖరారు చేయకముందే.