కళాశాలలో ఇంగ్లీషు ఏ పనికి?

సంపాదకులు గారికి,

అయ్యా,

వృత్తివిద్యా కళాశాలలలో ఇంగ్లీషు బోధన గురించి నాలుగు మాటలు మీ పత్రిక ద్వారా మనవి చేయగోరుచున్నాను.

నేను మెట్రిక్ మాత్రమే చదివి ప్రభుత్వ కార్యాలయములో గుమాస్తాగా చేరితిని. బడిలో నేర్చిన ఇంగ్లీషు అక్కడ అక్కరకు రాలేదు. ఫైలుపై నోటు వ్రాయుట, డ్రాఫ్టు తయారు చేయుట, రిమైండరు పంపుట మా హెడ్ గుమాస్తా గారు పాత ఫైళ్లు ముందు పెట్టి నేర్పిరి. ఆరు మాసములలో పని పట్టుబడినది. పనితోపాటు భాష నేర్చుటయే దీనికి కారణము.

ఇప్పుడు మా అన్నగారి మనుమడు ఒక ఇంజనీరింగు కళాశాలలో చదువుచున్నాడు. ఇంట తెలుగు, బడిలో ఒడియా, కళాశాలలో అంతయు ఇంగ్లీషు. మా బరంపురం తెలుగు పిల్లలు పెక్కుమంది స్థితి ఇదే. వాడు పరీక్షలో కర్తరి వాక్యమును కర్మణిగా మార్చగలడు. కాని యంత్రము ఎందుకు ఆగినదో పది వాక్యములు వ్రాయుమన్నచో కలము కదలదు. ప్రయోగశాల రికార్డు పై తరగతి వారిది చూచి ఎక్కించుకొనును. ఇంగ్లీషులో మాత్రము మంచి మార్కులే!

దీనికి మార్గము లేకపోలేదు. ఇంగ్లండులోని బర్మింగుహాము విశ్వవిద్యాలయములో టిమ్ జాన్స్, టోనీ డడ్లీ ఎవాన్స్ అను భాషాధ్యాపకులు రవాణా శాస్త్రము, వృక్షశాస్త్రము చదువ వచ్చిన విదేశీ విద్యార్థులకు ఆయా శాస్త్రాధ్యాపకులతో కలిసి పాఠము చెప్పిరి. విద్యార్థి విన్న ఉపన్యాసమునే ముగ్గురును కూర్చుండి మరల పరిశీలించెడివారు. అర్థము కానిది శాస్త్రమా, భాషా అన్నది అక్కడనే తేలెడిది. ఈ ప్రయోగమును వారు 1980లో ప్రకటించిరి.

అయితే నమూనాలు కంఠస్థము చేయించిన చాలునని నా భావము కాదు. ముప్పది యేండ్లకు పైగా ఇంగ్లీషులో ఫైళ్లు నడిపిన నేను, నా భార్య జబ్బు ఎప్పుడు మొదలై ఎట్లు ముదిరినదో పొరుగు రాష్ట్రపు డాక్టరుకు వ్రాయవలసి వచ్చినపుడు, 'విత్ రిఫరెన్సు టు' అని ప్రారంభించి ఆగిపోతిని. ఆ రోజు నా అసహాయత నేను మరువలేదు. అచ్చు పోసిన మాటలు అచ్చులో ఇమిడిన పనికే పనికివచ్చును.

కావున విశ్వవిద్యాలయముల వారికి నా విన్నపము ఇది. విద్యార్థులు రేపు ఏమి చదువవలెనో, ఏమి వ్రాయవలెనో ముందుగా శాస్త్రాధ్యాపకులను, పని యిచ్చువారిని అడిగి పాఠ్యప్రణాళిక నిర్ణయింపవలెను. ప్రయోగశాల నివేదికను ఇంగ్లీషు అధ్యాపకుడు కూడ దిద్ది, దానికి ఇంగ్లీషులో మార్కులు వేయవలెను. దానితోపాటు, తాను కన్నది, తనకు కలిగినది సొంత మాటలలో చెప్పుట కూడ అభ్యాసము చేయింపవలెను. ఇంగ్లీషు బోధకుల తరిఫీదుకై 1958లో హైదరాబాదులో కేంద్ర సంస్థ వెలసినది. అదియే నేడు కేంద్ర విశ్వవిద్యాలయము. అట్టి చోట ఈ పద్ధతిలో తరిఫీదు పొందుటకు మన ప్రాంతపు అధ్యాపకులను పంపినచో మేలు.

మార్కుల జాబితా ఉద్యోగపు గుమ్మము వరకే తోడు వచ్చును. ఆపైన నడిపించవలసినది చేతనైన భాషయే.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా
బరంపురం