ఎదురెండలో రైతు ముఖం

వార్షిక సంచిక అట్ట మీద కానీ, ఎరువుల కొట్టు కాలెండరు మీద కానీ రైతు ఫొటో అంటే ఒకటే తీరు. వెనకాల ఎర్రటి పొద్దు, ముందర నల్లటి ఆకారం, భుజాన నాగలి. ముఖం ఉండదు, కళ్ళుండవు. చూసినవాళ్ళు "అబ్బ, ఎంత బాగుందో!" అంటారు. వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక నాకు మాత్రం వేరే ప్రశ్న వస్తుంది. ఈయన ఎవరు? మా నాన్న కావచ్చు, మీ తాతగారు కావచ్చు, ఫొటో కోసం కండువా కప్పి నిలబెట్టిన మనిషైనా కావచ్చు. నీడకు ఊరూ పేరూ ఉండవు గదా!

వెలుగుకు ఎదురుగా ఫొటో తీయగూడదని నా వాదన కాదు. తీయాల్సిందే. పొద్దును మన వీపు వెనక పెట్టుకుని తీయమనే పాత సూత్రం గుళ్ళకూ గోపురాలకూ సరిపోతుంది కాని మనిషికి సరిపోదు. ఎండ కంట్లో పడితే ఎవరైనా కళ్ళు చికిలిస్తారు. పైగా పొలం పని చేసేవాళ్ళు ఫొటోకు చిక్కేది పొద్దున్నే, లేదా పొద్దువాలే వేళ. కళ్ళంలో మినుములు తూర్పారబట్టేటప్పుడు పొద్దుకు వీపు పెట్టి చూడండి, దుమ్ము అంతగా కనబడదు. అటు తిరిగి పొద్దుకు ఎదురుగా చూడండి, ప్రతి పొట్టూ రవ్వలా మెరుస్తుంది. సన్నటి ధూళి తన మీద పడ్డ వెలుగును చాలావరకు అది సాగిపోయే దిక్కుకే చెదరగొడుతుంది గనుక. 'మాయాబజార్' (1957) నాటి నలుపు తెలుపు సినిమాల్లో నటీనటుల జుట్టు అంచున మెరిసే వెండి గీత కూడా ఈ వెనక వెలుగు పుణ్యమే. కాకపోతే స్టూడియోలో ముఖానికి ముందు నుంచి ఇంకో దీపం ఉంటుంది. కళ్ళంలో ఆ దీపం లేదు.

చిక్కంతా అక్కడే. ఫొటో తీస్తే ముఖం మసగ్గా వస్తుంది. "ఫోకస్ పట్టడం లేదండీ" అని కెమేరాను తిడతారు. నా ఉద్దేశంలో మనం మూడు వేర్వేరు జబ్బులకు ఒకే పేరు పెడుతున్నాం.

మొదటిది అసలు ఫోకస్‌కు సంబంధించిందే కాదు. ప్రయోగశాలలో కుంభాకార కటకంతో తెర మీద ప్రతిబింబం పట్టేటప్పుడు మాస్టారు కిటికీ తలుపులు మూయమంటారు. ఎందుకు? పక్క వెలుగు తెర మీద పడితే ప్రతిబింబం ఉన్నచోటే ఉన్నా వెలిసిపోతుంది. కెమేరాలోనూ అదే జరుగుతుంది. పూత లేని గాజు ఒక్కొక్క ఉపరితలం దగ్గర సుమారు 4 శాతం వెలుగును వెనక్కి కొడుతుంది. అలాంటి ఉపరితలాలు పది ఉంటే మూడోవంతు వెలుగు దారి తప్పినట్టే. అందులో కొంత లోపలే అటూ ఇటూ కొట్టుకుని చివరికి బొమ్మ మీద పొగమంచులా పరుచుకుంటుంది. 1935లో జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా కటకాలకు పూత పూసే పద్ధతి కనిపెట్టాక ఈ బాధ చాలా తగ్గింది. కాని మన సెల్‌ఫోన్ కటకం మీద వేలిముద్రల జిడ్డు ఉంటే పూత ఉండీ ఏం లాభం? మెత్తని నూలు గుడ్డతో తుడవండి. కటకం మీద ఎండ పడకుండా అరచెయ్యో నోటుపుస్తకమో అడ్డం పెట్టండి. ఇంకా మేలు, సూర్యుడు ఏ తాటిమాను చాటుకో ఆ మనిషి తల చాటుకో పోయేలా రెండడుగులు పక్కకు జరగండి. (పాత తరహా కెమేరా అయితే అద్దంలోంచి సూర్యుణ్ణి నేరుగా చూడకండి, కళ్ళు పోతాయి.)

రెండోది ఫోకస్ తప్పుచోట పడటం. యంత్రం వెతికేది చీకటీ వెలుగూ కలిసే అంచును. ఎదురెండలో అన్నిటికన్నా పదునైన అంచు కంట్లో ఉండదు, జుట్టు మీదో భుజం మీదో ఉంటుంది. లేదా ముందు ఎగిరే పొట్టును పట్టుకుంటుంది. 50 మిల్లీమీటర్ల కటకాన్ని ఎఫ్ 1.8 దగ్గర తెరిచి మీటరు దూరం నుంచి తీస్తే స్ఫుటంగా వచ్చేది సుమారు 4 సెంటీమీటర్ల మందమే. చెవి దగ్గర ఫోకస్ పడితే కన్ను పోయినట్టే. ఎఫ్ 5.6కి మూస్తే అది 13 దాకా వస్తుంది. కొత్త కెమేరాలు కన్నును వాటంతట అవే వెతుకుతాయి, నిజమే, కాని ముఖం చీకట్లో ఉంటే అవీ తడబడతాయి. దగ్గరి కంటి రెప్ప మీద పెట్టి బిగించడమే నమ్మకమైన పని. ఫోన్‌లో అయితే ముఖం మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలు.

మూడోది చెయ్యి వణకడం. ముఖానికి చాలినంత వెలుగు రావాలంటే రెండు మెట్లు ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది. సెకనులో 250వ వంతు ఉన్న షట్టరు 60వ వంతుకు దిగుతుంది. చేట ఆడించే చెయ్యి మాట అటుంచి, మన చెయ్యే కదులుతుంది. అంచేత బండి చక్రానికో గోడకో ఆనుకోవాలి. వెలుగును ముఖం మీదికి తిప్పుకోవడం అంతకన్నా మంచి ఉపాయం. ఎండలో పరిచిన తెల్ల పంచె, సున్నం కొట్టిన గోడ, ఆరబోసిన వడ్లు, ఏదైనా పనికొస్తుంది. వెనక ఆకాశం తెల్లబోతే పోనివ్వండి. ఆకాశం రేపూ ఉంటుంది.

నీడబొమ్మా ఒక కళే గదా అని మిత్రులు అంటారు. కాదనను. తాడిచెట్టెక్కే మనిషి ఒడుపు నీడలో కనిపించినంత బాగా ఇంకెందులోనూ కనిపించదు. కాని మన సంచికలనే తిరగేయండి. సంఘం అధ్యక్షుల వారి ఫొటోకు రెండు దీపాలు పెట్టించి, మీసం వెంట్రుకలు లెక్కపెట్టుకునేలా తీయించి, కింద పేరూ గ్రూపూ అచ్చు వేస్తాం. రైతుకు వచ్చేసరికి నీడ వేసి, కింద 'అన్నదాత' అని రాసి ఊరుకుంటాం. ఇది కళ అని నేననుకోను. దగ్గరికెళ్ళి "కాస్త ఇటు చూస్తారా, బాబాయ్" అని అడగడానికి మొహమాటం, అంతే.

వచ్చే ఏడు ఫొటో పోటీలో గ్రామ జీవితం విభాగం పెట్టేట్టయితే నిర్వాహకులకు నాదొక సూచన. ఫొటోలో కళ్ళు కనబడాలి, ఆయన్ని అడిగి కింద ఆయన పేరూ ఊరూ రాయాలి, ఒక కాపీ కడిగించి ఆయన ఇంటికి పంపాలి. ఈ మూడూ లేని ఎంట్రీ తీసుకోవద్దు.