విత్తన కంపెనీల విలీనములు – రైతుల కర్తవ్యము



పెద్ద కంపెనీలు రెండు కలసి యొకటి యగుట పట్టణములందలి వాటాదారుల వ్యవహారమనియు, ఏలూరు కాలువ, రైవసు కాలువల క్రింద వరి నాటుకొను మనకు దానితో పని లేదనియు పలువురు తలంచుచున్నారు. ఇది సరి కాదు. కొనువా డొక్కడై అమ్మువారు పదుగురైనచో బేరము కొనువానిది. అమ్మువా డొక్కడై కొనువారు పదుగురైనచో బేరము అమ్మువానిది. పంట అమ్మునపుడు మొదటి కష్టమును, విత్తనము కొనునపుడు రెండవ కష్టమును పడువాడు రైతే.

మన రాష్ట్రమునకు దీని యనుభవము గలదు. బి.టి. ప్రత్తి 2002లో దేశమున ప్రవేశించిన పిమ్మట దాని జన్యువును ఇతర విత్తన కంపెనీలకు ఇచ్చు అధికారము మహికో మోన్సాంటో బయోటెక్ కంపెనీ చేత నుండెను. 450 గ్రాముల ప్యాకెట్టు ధర 1,600 రూపాయలకు తక్కువ లేకుండగా, అందు 1,250 రూపాయలు జన్యువునకై పుచ్చుకొను రుసుమే. చైనా, అమెరికా దేశములలో రుసుము మిక్కిలి తక్కువయని నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2006లో గుత్త వ్యాపార నిరోధక కమీషను నెదుట వాదించెను. రుసుము తగ్గింపవలసినదని కమీషను ఆ మే నెలలో ఉత్తరువిచ్చెను. ప్రభుత్వము ప్యాకెట్టు ధరను 750 రూపాయలుగా నిర్ణయించెను. విత్తనము అదియే, ధర సగమునకు లోబడెను.

ఆ పాత చట్టమునకు మారుగా 2002 నాటి కాంపిటీషన్ చట్టము వచ్చినది. విలీనములను ముందుగా పరీక్షించు నధికారము 2011 జూన్ నుండి కాంపిటీషన్ కమీషనునకు గలదు. 2017లో డౌ, డ్యూపాంటు కంపెనీలు కలసెను. ఆ యేటనే కెమ్‌చైనా సింజెంటాను కొనెను. 2018లో బేయరు మోన్సాంటోను కొనెను. ఈ కడపటి దానిని కమీషను షరతులతో అనుమతించెను. బేయరు తన విత్తన, కలుపుమందుల వ్యాపారములలో కొన్నింటిని పరులకు అమ్మవలెను. మహికోలో మోన్సాంటోకు గల 26 శాతము వాటాను వదలుకొనవలెను. లైసెన్సులను ఏడేండ్లపాటు న్యాయమైన షరతులపై, పక్షపాతము లేక యీయవలెను.

కంపెనీలు పెద్దవైననే పరిశోధనకు ధనము సమకూడునని విలీనపక్షము వారందురు. ఇందు కొంత నిజము గలదు. కాని పోటీ లేనిచో పరిశోధన ఫలము రైతుకు అందు వెలకు దొరకదు. పైగా లైసెన్సు షరతు ఏడేండ్లకే. కలసిన కంపెనీ తనంతట మరల విడిపోదు. పేటెంటు లైసెన్సుల తగవులను కాంపిటీషన్ కమీషను విచారింపరాదని ఢిల్లీ హైకోర్టు 2023 జూలైలో తీర్పు చెప్పెను. ప్రత్తి విత్తనమునకు ప్రభుత్వపు ధరకట్టడి యున్నది గాని, మన మొక్కజొన్న విత్తనమునకును కలుపుమందులకును అట్టిది లేదు. కావున కలయికకు ముందు జరుగు పరీక్షయే మనకు ముఖ్యరక్షణ. కాలువగట్టు తెగకమునుపే మన్ను వేయవలెను.

సంశయాస్పదమైన విలీనమును గూర్చి ప్రకటన వేయించి, దానివలన బాధపడువారి ఆక్షేపణలను కమీషను కోరుటకు చట్టమున వీలు గలదు. గడువు మాత్రము స్వల్పము. ఒంటరి రైతు అంతలో వ్రాయజాలడు. సహకార సంఘము వ్రాయగలదు. అందులకు సాక్ష్యము ముందే సిద్ధముగా నుండవలెను. సభ్యులు విత్తనములకును మందులకును పుచ్చుకొన్న రసీదులను భద్రపరచి, ఏటేట సంఘమునకు చూపవలెను. ఏ సరకు నెన్ని కంపెనీలు అమ్ముచున్నవో, ధర యెంత పెరిగినదో సంఘము పట్టిక వ్రాసి యుంచవలెను. కొనుగోళ్లను గూడ సంఘము ద్వారా కలిపి జరిపిన బేరమునకు బలము గలుగును. ప్రభుత్వము అడుగునపుడు లెక్క చూపగల రైతు మాటయే చెల్లును. ఆ లెక్కను ఈ సార్వా నుండియే ప్రారంభింతము.