సెలవు సరే, ఖర్చెవరిది?

ఆరు నెలలు జీతంతో ప్రసూతి సెలవు! వినడానికి ఎంత బాగుంది! 1961లో ప్రసూతి ప్రయోజనాల చట్టం వచ్చినప్పుడు మూడు నెలల లోపే. 2017లో దాన్ని మొదటి రెండు కాన్పులకి 26 వారాలు చేశారు. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన ఒడంబడిక కనీసం 14 వారాలంటే, మనం దాదాపు రెట్టింపు ఇస్తున్నామన్నమాట.

ఉద్యోగం చెయ్యని దానివి, నీకెందుకమ్మా ఈ గొడవ అనకండి. రేపు ఉద్యోగాలకి వెళ్ళేది మన కూతుళ్ళూ, కోడళ్ళే కదా!

మా ఎదురింటివాళ్ళ అమ్మాయి ఎం.బి.ఎ. చదివింది. పెళ్ళయిన ఏడాదికి ఓ ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూకి వెళితే, చదువు గురించి రెండు ప్రశ్నలు వేసి, పిల్లల గురించి ఏమనుకుంటున్నారని మూడుసార్లు తిప్పి తిప్పి అడిగారట. పక్కన కూర్చున్న కుర్రాడికీ కొత్తగానే పెళ్ళయింది. అతన్ని ఆ ఊసే అడగలేదు. ఉద్యోగం ఎవరికొచ్చిందో వేరే చెప్పాలా?

ఇది ఆ ఒక్క కంపెనీ వాళ్ళ చెడ్డతనం అనుకుంటే సరిపోదు. మెలిక చట్టంలోనే ఉంది. మొదటి పురుడు పుట్టింటివాళ్ళదని మన ఆనవాయితీ. ఆ ఖర్చంతా ఒక్కరి నెత్తినే పడితే ఎంత సణుగుడో మనకి తెలియనిదా? ఇక్కడా అంతే. ఇ.ఎస్.ఐ.లో ఉన్నవాళ్ళకి ఆ డబ్బు బీమా నిధి నుంచి వస్తుంది. అందులో లేని ఆడవాళ్ళకి ఆ ఆరునెలల జీతమూ యజమానే పూర్తిగా చెల్లించాలి. వెయ్యిమంది పనిచేసే కంపెనీకి అది లెక్కలోకి రాదు. పదిహేనుమందితో నడిచే ఆఫీసుకో? సెలవులో ఉన్నావిడ జీతమూ, ఆమె చోట పెట్టుకున్న మనిషి జీతమూ రెండూ ఇవ్వాలి. అందుకే అసలు ఆడవాళ్ళనే తీసుకోకపోతే పోలా అనుకుంటారు. ఈ భారం ఒక్క యజమాని మీద వెయ్యకండి, బీమా నుంచో ప్రభుత్వ నిధి నుంచో ఇవ్వండి అని ఆ 2000 ఒడంబడిక చెప్పనే చెప్పింది. దాని మీద మన దేశం సంతకం చెయ్యలేదు.

రెండో మెలిక నాన్నగారిది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే బిడ్డ పుట్టినప్పుడు ఆయనకి 15 రోజుల సెలవుంది. ప్రైవేటు ఉద్యోగికి మాత్రం చట్టంలో ఒక్క రోజు కూడా లేదు. కంపెనీ దయతలిచి ఇస్తే ఇచ్చినట్టు! పిల్లని పెంచే పని తల్లి ఒక్కదానిదేనని చట్టమే చెబుతుంటే, ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న ఆడపిల్లకే ఎందుకు పడదు? మగవాడికీ నెలో రెణ్ణెల్లో సెలవు తప్పనిసరి చేస్తే అప్పుడు అతన్నీ అడగాల్సి వస్తుంది. లేదా ఇద్దరినీ అడగడం మానేస్తారు.

సెలవు అయిపోయాక సంగతేమిటి? 50 మందికి పైబడి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చు అని చట్టం. మీ ఊళ్ళో పెద్ద బట్టల షాపులో, ప్రైవేటు స్కూల్లో అది ఎక్కడుందో ఓసారి అడిగి చూడండి.

ఇవన్నీ నెల జీతం ఉన్నవాళ్ళ ముచ్చట్లు. నిండు నెలల్లో ఇటుకలు మోసే ఆవిడకి, మన ఇళ్ళల్లో అంట్లు తోమే ఆవిడకి సెలవు ఎవరిస్తారు? 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికి 6 వేలకి తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో మొదలైన ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో మొదటి కాన్పుకిచ్చేది 5 వేలు. ఆస్పత్రి కాన్పుకిచ్చే వేరే పథకం డబ్బు కలిపి లెక్క సరిపెట్టారు. 2013 నాటి ఆరు వేలకి ఈరోజు ఏమొస్తుందో, ఇల్లు నడిపే మనకి ఒకరు చెప్పాలా?

అందాకా, ఉన్న హక్కునైనా వదులుకోవద్దు. కాన్పుకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు, సెలవు మీది. గర్భం పోయినా ఆరు వారాలు జీతంతో సెలవుంది. సెలవులో ఉండగా ఉద్యోగం నుంచి తీసెయ్యడం చట్టవిరుద్ధం. "నువ్వు పర్మినెంటు కాదుగా" అంటే నమ్మకండి. రోజుకూలీ మీద పనిచేసే ఢిల్లీ మునిసిపల్ కార్మికురాళ్ళకీ ఈ హక్కుందని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. సెలవు మధ్యలో కాంట్రాక్టు ముగిసినా డబ్బు ఇవ్వాల్సిందేనని 2023లో మరో తీర్పిచ్చింది. అడిగేటప్పుడు నోటిమాటగా కాదు, కాగితం మీద రాసి ఇచ్చి, నకలు దగ్గరుంచుకోండి.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సినవి రెండే. ఆ ఖర్చు అందరం పంచుకునేలా ఒక నిధి, తండ్రికీ చట్టబద్ధంగా సెలవు. పుట్టే బిడ్డ రేపు ఈ దేశానికి పన్ను కట్టే మనిషే కదా! ఓట్ల కోసం గుమ్మంలోకొచ్చి "అమ్మా, అక్కా" అని పిలిచే పెద్దమనుషుల్ని ఈ రెండూ అడుగుదాం. ఏమంటారు?