చేతికి వచ్చిన అక్షరం



తరగతి గదిలో కంప్యూటరు ఉండవలెనా, వద్దా అని పెద్దలు తరచుగా వాదించుకొంటూ ఉంటారు. ఈ విషయం మీకు సంబంధించినది గనుక మీతోనే చర్చించడం న్యాయమని నా అభిప్రాయం. సింగపూరులో 2021 నాటికే సెకండరీ పాఠశాలల విద్యార్థులందరికీ చదువు కోసం సొంత పరికరం సమకూరింది. 2018లో ప్రారంభమైన ‘స్టూడెంట్ లెర్నింగ్ స్పేస్’ ప్రైమరీ తరగతుల్లో ఉన్న మీకు కూడా పరిచయమే. యంత్రం ఇప్పటికే మన మధ్యకు వచ్చింది. తెలుగు తరగతిలో దానికి ఏ పని అప్పగించాలో ఇక మనమే నిర్ణయించుకోవాలి.

ముందుగా మేలును చెప్పుకొందాం. మలయ్, మాండరిన్, తమిళం, ఇంగ్లీషు – ఇవి మన దేశపు అధికార భాషలు. వీటిలో తెలుగు లేదు. అందుచేత బుకిట్ పంజాంగ్ ఎల్.ఆర్.టి. స్టేషన్ల పేర్లు తెలుగులో ఉండవు. బడికి వెళ్ళే దారిలో తెలుగు అక్షరం మీ కంట పడదు. ఆ కొరతను తెర కొంతవరకు తీరుస్తుంది. సి.పి. బ్రౌన్ 1852లో ప్రచురించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో ఒక మాటకు అర్థాన్ని నేడు క్షణంలో చూడవచ్చు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఊళ్ళను గురించి, పక్షులను గురించి తెలుగులోనే చదువుకోవచ్చు. 2020 ఏప్రిల్‌లో ‘సర్క్యూట్ బ్రేకర్’ వచ్చి బడులు మూతపడినప్పుడు పాఠాలు ఆగకుండా సాగినది తెర వలననే. ఈ మేలును కాదనడం కృతఘ్నత అవుతుంది.

ఇక కీడు సంగతి. మీలో చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేస్తారు. కె, ఏ, ఎల్, ఏ అని నొక్కితే యంత్రం ‘కల’ అని చూపుతుంది, ‘కళ’ అని కూడా చూపుతుంది. నిద్రలో వచ్చేది ఏది, నాట్యంలో ఉండేది ఏది అన్నది మీకు తెలియకపోతే రెండింటిలో ఏదో ఒకటి నొక్కి ముందుకు పోతారు. ‘పాట’ రాయబోయి ‘పాత’ రాసినా యంత్రం అడ్డు చెప్పదు. రెండూ సరైన మాటలే కదా! అదే ‘లక్ష్మి’ అన్న పేరును పుస్తకంలో రాసి చూడండి. క, ష, మ అనే మూడు హల్లులు ఒకదానితో ఒకటి ఎలా కలిశాయో, ఏ ఒత్తు ఎక్కడ చేరిందో మీ చేతికే తెలుస్తుంది. తెర మీద ఆ అక్షరం సిద్ధంగా వచ్చి కూర్చుంటుంది. దాన్ని కట్టిన శ్రమ మీది కాదు, కాబట్టి అది మీకు గుర్తుండదు.

మా పూర్వులు మలయా రబ్బరు తోటల్లో పనిచేసినవారు. వారిలో చదువు రానివారు స్వగ్రామానికి ఉత్తరం పంపాలంటే చదువు వచ్చిన మరొకరిని వెతుక్కోవలసి వచ్చేది. తాము చెప్పిన మాటే కాగితం మీద పడిందో లేదో చూసుకొనే శక్తి వారికి లేదు. అందుకే తమ పిల్లలకు పలక, బలపం ఇచ్చి అక్షరాలు దిద్దించారు. నేడు మీ వ్యాసాన్ని యంత్రమే రాసిపెట్టగలదు. అది రాసినదాన్ని సరిచూడగల శక్తి మీకు లేకపోతే, ఇన్ని సౌకర్యాల నడుమ కూడా మీరు ఆ పాత స్థితికే చేరుకొంటారు.

‘ఈ రోజుల్లో చేత్తో రాసేది ఎవరు?’ అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. ఉద్యోగంలో టైపు చేయడమే అవసరం అన్నది నిజమే. అయితే సాంకేతికతలో ఎంతో ముందున్న స్వీడన్ కూడా 2023లో చిన్న తరగతుల్లో అచ్చు పుస్తకాలకు, చేతిరాతకు తిరిగి ప్రాధాన్యమివ్వడం మొదలుపెట్టింది. పునాది పడే వయస్సులో చేతికి పని ఉండాలన్నదే ఇందులోని భావం. పైగా ఇంగ్లీషు మీకు రోజంతా కనబడుతుంది, తెలుగు కనబడదు. కనబడని లిపిని నిలుపుకోవాలంటే చేతికి మరింత అభ్యాసం కావాలి.

కావున నా సూచనలు మూడు. మొదటిది: ఏ వ్యాసమైనా ముందు నోటుపుస్తకంలో రాయండి, తరువాతనే టైపు చేయండి. రెండవది: యంత్రం చూపిన ప్రతి మాటను గట్టిగా చదివి, అర్థం తెలిసిన తరువాతనే స్వీకరించండి. మూడవది: తెరను వినడానికి, చదవడానికి, ఊరిలో ఉన్న అమ్మమ్మతో, తాతయ్యతో మాట్లాడడానికి ధారాళంగా వాడండి. ఉపాధ్యాయులమైన మేము కూడా ఒక నియమం పాటించాలి. పాఠంలోని మొదటి అరగంటలో తెర వెలగకూడదు.

యంత్రాన్ని మన సహాయకుడిగా ఉంచుకొందాం. మన మాటను మనమే రాసుకొందాం. ఈ పత్రిక రాబోయే సంచికకు మీరు ఇచ్చే రచనలను మీ చేతిరాతతోనే నాకు అందజేయండి. ఒత్తులు తప్పినా పరవాలేదు, కలిసి దిద్దుకొందాం.